గట్టున గడ్డి పెంచినా చెరువు పచ్చబడుతోంది, ఎందుకు?

ప్రశ్న: మా పొలాల నీరు దిగువ చెరువులోకి పోతుంది. ఏటా నీరు పచ్చబడి చేపలు చస్తున్నాయి. రెండేళ్లుగా పొలం అంచున గడ్డి పట్టీ పెంచుతున్నా తేడా లేదు. లోపం ఎక్కడండీ?

జవాబు: గడ్డి కన్నా ముందు ఎరువు వేసే తీరు చూడండి. మంచినీటి చెరువుల్లో నాచును పెంచేది ముఖ్యంగా భాస్వరం. ఒక్క గ్రాము చేరితే ఎండు బరువులో దాదాపు 100 గ్రాముల నాచు పెరగగలదు. అది కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ హరించుకుపోతుంది, చేపలకు ఊపిరాడదు.

భాస్వరం మట్టి రేణువులను అంటిపెట్టుకుని, కోసుకుపోయే మట్టితోనే చెరువుకు చేరుతుంది. భాస్వరం ఉండే ఎరువు డీఏపీని పైపైన చల్లి వదిలేస్తే తర్వాతి వానకే కరిగి పారుతుంది కూడా. ఆఖరి దుక్కిలో వేసి మట్టిలో కలిపేయండి. భూసార పరీక్షలో భాస్వరం ఎక్కువని తేలితే మోతాదు తగ్గించండి, నేలలో ఉన్న నిల్వనే పంట వాడుకుంటుంది.

నత్రజని దారి వేరు. యూరియాలో 46 శాతం ఉండే నత్రజని నైట్రేటుగా మారాక మట్టి దాన్ని పట్టి ఉంచలేదు, నీటితో పాటు లోపలికి దిగిపోతుంది. పొలంలో ఎక్కువైన నీరు పోవడానికి నేలలో పైపులు వేసి ఉంటే గడ్డి వేర్ల కిందుగానే కాలువలో పడుతుంది. ఇక్కడ పట్టీ ఏమీ చేయలేదు. మోతాదును పంట దశలను బట్టి మూడు దఫాలుగా వేయండి. రెండు రోజుల్లో భారీ వాన ఉందంటే ఆగండి. వరిలో యూరియా చల్లాక తొలి మూడు నాలుగు రోజులు నత్రజని ఎక్కువగా మడి నీటిలోనే ఉంటుంది. వారం పాటు మడవ (మడి నీరు బయటికి పోయే దారి) తీయకండి. చల్లే ముందు ఎండ్రకాయల బొరియలు పూడ్చాలి, చాలామంది మరిచేది ఇదే.

ఇక పట్టీ. వాన కురుస్తుండగానే వెళ్లి చూడండి. నీరు పలచగా పరుచుకుని గడ్డిలోంచి పారాలి. ఒక్కచోట పాయగా చీల్చుకుని పోతుంటే ఎంత వెడల్పు పెంచినా వృథా. అక్కడ ఎగువన రాళ్లు పేర్చి నీటిని చెదరగొట్టండి. ఒండ్రు పేరుకుని అంచు ఎత్తయితే చదును చేయండి. కోసిన గడ్డి అక్కడే వదిలితే కుళ్లి, పట్టిన భాస్వరాన్ని తిరిగి ఇచ్చేస్తుంది, బయటికి తీసుకెళ్లండి.

ప్రశ్న: ఇవన్నీ చేస్తే వచ్చే ఏడాదికే నీరు తేటపడుతుందా?

జవాబు: పడకపోవచ్చు. ఏళ్లుగా అడుగు బురదలో చేరిన భాస్వరం, అక్కడ ఆక్సిజన్ తగ్గినప్పుడల్లా నీటిలోకి వస్తూనే ఉంటుంది. అందుకని ఫలితాన్ని చెరువులో కాక మీ మురుగు కాలువ చివర చూసుకోండి. పెద్ద వాన తర్వాత అక్కడి నీటిని సీసాలో పట్టి పరీక్షకు ఇవ్వండి, ఏటా అదే చోట, అదే అదనులో.