తాత వేటాడిన జింక కొమ్ములు ఇంట్లో ఉంటే కేసవుతుందా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా, ఉరవకొండ దగ్గర పల్లె. మా తాతకు మంచి వేటగాడని పేరు. చేలల్లోకి కృష్ణజింకల మందలు దిగితే తుపాకీతో కొట్టేవాడట. 1966లో పోయాడు. ఆయన తెచ్చిన కొమ్ముల జత పాతింటి గోడకూ, జింక తోలు దేవుడి గదిలోనూ ఇప్పటికీ ఉన్నాయి. రెండు నెలల కిందట నాన్న కాలం చేశారు. పంపకాల్లో కొమ్ములు తనకు కావాలని బెంగళూరులో ఉన్న మా అన్న అంటున్నాడు. ఊళ్లోవాళ్లేమో 'కాల్చేయండి, లేకుంటే జైలే' అంటున్నారు. నాన్న, చిన్నాన్న చెప్పిన వేట ముచ్చట్లన్నీ పుస్తకంగా వేయాలని కూడా ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?

జవాబు: మీ తాతగారి వేట గురించి మీరు భయపడాల్సిన పని లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది 1972లో. అంతకుముందున్న 1912 నాటి చట్టం, ప్రభుత్వం ప్రకటించిన కాలంలో వేటను ఆపేదే తప్ప మొత్తంగా నిషేధించలేదు. రిజర్వు అడవులకు వేరే నిబంధనలు ఉండేవి. ఏమైనా, చేసిన నాటికి నేరం కాని పనికి తర్వాత వచ్చిన చట్టంతో శిక్ష వేయకూడదని రాజ్యాంగం 20(1) అధికరణం చెబుతోంది. తాత చేసిన పనికి మనవడిని బోనెక్కించడమూ కుదరదు.

చిక్కంతా గోడకున్న కొమ్ములతోనూ, ఆ తోలుతోనూ. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు, చట్టంలో గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితా అయిన మొదటి షెడ్యూలులో ఉంది. దాని కొమ్ములు, చర్మం అనుమతి లేకుండా ఉంచుకోవడమే నేరం. శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా పడవచ్చు, జరిమానా కనీసం 25,000 రూపాయలు. పాతవి ఉన్నవాళ్లు 30 రోజుల్లో ప్రకటించాలని 1972 చట్టమే చెప్పింది. 2003లో మళ్లీ 180 రోజుల గడువిచ్చారు. ఆ కబురు మన సీమ పల్లెల్లో ఎన్ని ఇళ్లకు చేరిందో నాకు అనుమానమే. కానీ తెలియదన్న మాట కోర్టులో నిలబడదు.

ముందు నాన్నగారి పెట్టెలోని కాగితాలన్నీ వెతకండి. అటవీ శాఖ ఇచ్చిన యాజమాన్య ధ్రువపత్రం ఏదైనా దొరికితే సగం బరువు దిగినట్టే. దొరికినా దొరక్కపోయినా, ఇలాంటివి వారసత్వంగా వచ్చినవాళ్లు 90 రోజుల్లోపు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు (రాష్ట్ర అటవీ శాఖలో వన్యప్రాణుల వ్యవహారాలు చూసే ఉన్నతాధికారి) ప్రకటన ఇవ్వాలి. నాన్నగారు పోయి రెండు నెలలన్నారు, అంటే మీకింకా సుమారు నెల ఉంది. దయచేసి జాగు చేయకండి. అర్జీ అనంతపురం డీఎఫ్‌ఓ (అటవీ అధికారి) ఆఫీసు ద్వారా పంపి, నకలు మీద ముద్ర వేయించుకోండి. కేసంటూ వస్తే, ఆ వస్తువు అక్రమంగా రాలేదని చూపాల్సింది మీరే. అందుకే ఆ గోడ, ఆ కొమ్ములు కనిపించే పాత ఫోటో గానీ తాతగారి తుపాకీ లైసెన్సు గానీ ఉంటే జత చేయండి.

ధ్రువపత్రం లేకపోతే అధికారులు వాటిని స్వాధీనం చేసుకునే అవకాశం ఉంది. ఇవ్వమంటే ఇచ్చేయండి. మీ అంతట మీరే వెళ్లి చెప్పడానికీ, సోదాలో దొరకడానికీ చాలా తేడా ఉంది. కాల్చడం, పూడ్చడం మాత్రం వద్దు. సాక్ష్యం మాయం చేశారన్న ఇంకో కేసు మెడకు చుట్టుకుంటుంది. ఎవరైనా కొంటామని వచ్చినా ఒప్పుకోకండి, ధ్రువపత్రం ఉన్నవాళ్లు కూడా అమ్మకూడదు. మీ అన్నగారు బెంగళూరు తీసుకుపోవడం ధ్రువపత్రం చేతికొచ్చాకే. రాష్ట్రం దాటించిన 30 రోజుల్లో అక్కడి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు తెలపాలి.

తుపాకీ సంగతి మీరు రాయలేదు. అది కూడా అటక మీద ఉంటే, లైసెన్సుదారు పోయాక దగ్గరి పోలీసు స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చేయాలి. పాడైపోయిందని ఊరుకోవద్దు.

పుస్తకం తప్పకుండా రాయండి. తాతగారి వేట ముచ్చట్లు నేరం కావు, పైగా ఒకప్పుడు మన మెరక చేలల్లో ఎన్నెన్ని జింకలు తిరిగేవో రేపటివాళ్లకు తెలిసేది ఇలాంటి రాతలతోనే. చిన్నాన్నగారి విషయంలోనే జాగ్రత్త. ఆయన చెప్పేది 1972 తర్వాతి వేట అయితే అది నేరమే. మూడేళ్లకు మించి శిక్ష పడే నేరాలకు కాలపరిమితి అడ్డు రాదు, పేరుతో అచ్చయిన మాటను పట్టుకుని విచారణ మొదలుపెట్టవచ్చు. ఆ అధ్యాయం అచ్చుకు పోయేలోపే ఆయన్ను విడిగా ఒక లాయరుతో మాట్లాడించండి.