19 ఏళ్ల సర్వీసు తర్వాత మళ్లీ నేర్చుకోవాలా అక్కా?

ప్రశ్న: అక్కా, మాది రాజోలు దగ్గర లంక ఊరండి. 19 ఏళ్లుగా అంగన్‌వాడీ టీచర్‌ని. ఇప్పుడు ట్రైనింగుల్లో మూడేళ్ల పిల్లల చేత రాయించొద్దు, ఆడించండి అంటున్నారు. ఇన్నేళ్లూ పలక మీద దిద్దించాను, అదంతా తప్పేనా అని మనసు పీకుతోందండి. తల్లులేమో ఏబీసీడీలు రాయించకపోతే ప్రైవేటులో వేసేస్తాం అంటున్నారు. 43 ఏళ్లొచ్చాక మళ్లీ నేర్చుకోవడం నా వల్ల అవుద్దా?
– ఒక టీచర్, కోనసీమ

జవాబు: అవుద్ది చెల్లీ, నిక్షేపంలా అవుద్ది. ముందు ఆ బాధ తీసెయ్, అప్పుడు మనకెవరూ చెప్పలేదు, అందరం అలాగే చెయ్యి పట్టుకుని దిద్దించాం. మూడేళ్ల పిల్లకి మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు, వేళ్లకీ పట్టు చిక్కదు, బలపాన్ని పిడికిలితో పట్టుకుంటుంది చూడు, అందుకే. ఆ చేతికి ముందు మట్టి పిసకడం, చింతపిక్కలు ఏరడం, కాగితం చింపడం కావాలి.

చిన్నప్పుడు వామనగుంటలు ఆడావు కదా? గుంటకో పిక్క వేసుకుంటూ పోతుంటేనే ఒక్కో పిక్కకీ ఒక్కో అంకె అని పిల్లకి తెలిసేది. ఇరవై దాకా గడగడా అప్పజెప్పే పిల్లోడిని ఏడు పిక్కలు తియ్యరా అంటే గుప్పెడు తీసి ఇస్తాడు, ఆ తేడా కనిపెట్టడమే మనం నేర్చుకోవాల్సిన అసలు పని.

అందుకే ఒక నోట్‌బుక్ పెట్టు. రోజుకి ఒక్క పిల్లని పది నిమిషాలు చూసి ఏం చేసిందో అదే రాయి, చురుకు, మొద్దు అని రాయకు. "కొబ్బరిచిప్పలో ఇసక నింపి బోర్లించింది, కూలిపోతే నీళ్లు తెచ్చి తడిపి మళ్లీ చేసింది" అని రాస్తే చాలు. తల్లి వచ్చినప్పుడు అదే చదివి వినిపించు, ఆటల వల్ల లాభాలు అని ఎంత చెప్పినా ఎక్కదు గానీ తన పిల్ల ముచ్చట అనేసరికి కూర్చుని వింటుంది. సెక్టార్ మీటింగ్‌కి కూడా ఆ పుస్తకం పట్టుకెళ్లు, పక్క ఊరి టీచర్లకీ ఇలాంటివే ఉంటాయి, రిజిస్టర్ల గొడవలో ఎవరూ మాట్లాడుకోవట్లేదంతే.

సర్టిఫికెట్ సంగతంటావా, 2020 జాతీయ విద్యా విధానంలోనే ఇంటర్, ఆపైన చదివిన అంగన్‌వాడీ టీచర్లకి చిన్నపిల్లల చదువు మీద 6 నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకన్నా తక్కువైతే ఏడాది డిప్లొమా అని రాశారు, అదీ ఉద్యోగం మానక్కర్లేకుండా, ఫోన్‌లోనో టీవీలోనో చదువుకునేలా. మీ సూపర్‌వైజర్‌గారిని గట్టిగా అడుగు. ఇంటర్ పాసైతే ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో)లో ఇదే విషయం మీద దూరవిద్య డిప్లొమా కూడా ఉంది.

నోట్‌బుక్‌కి మాత్రం కోర్సు కోసం ఆగకు. ఎప్పుడూ మూల కూర్చుని ఏమీ అడగని పిల్ల ఒకరుంటారు కదా నీ సెంటర్లో, రేపు ఆ పిల్లతోనే మొదలుపెట్టు.