చార్టు ఎవరు రాశారు, జావ ఎవరు కాశారు

ఉత్తరం: నాకు 47 ఏళ్లు. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంటాం. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 91 కిలోలు. ఏడు నెలల కిందట పరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ (రక్తంలో రెండు మూడు నెలల సగటు చక్కెర) 6.2 వచ్చింది. మధుమేహం గుమ్మం దాకా వచ్చింది, బరువు తగ్గమని డాక్టరు చెప్పారు. ఆ రోజే గట్టిగా అనుకున్నాను. ఏ పూట ఏం తినాలో వారం మొత్తానికి చార్టు రాసి ఫ్రిజ్‌కు అంటించాను. ఉదయం రాగి జావ, మధ్యాహ్నం ఆఫీసుకు క్యారేజీలో రెండు జొన్నరొట్టెలు, ఆకుకూర పప్పు, రాత్రి ఉడికించిన కూరగాయలు. రోజూ ఐదింటికి బీచ్ రోడ్డులో నడక. ఆదివారం మాత్రం నడక తర్వాత మిత్రులతో కలిసి ఇడ్లీ, కాసిని పునుగులు. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచాను కనుక నా పట్టుదలను ఎవరూ వేలెత్తి చూపలేరు. మొదటి రెండు నెలల్లో నాలుగు కిలోలు తగ్గాను. ఆ తర్వాత మూడు కిలోలు తిరిగి వచ్చేశాయి. కారణం నా భార్య సహకరించకపోవడమే. నూనె నేను చెంచాతో కొలిచి ఇచ్చినా కూరలో ఎక్కువే తేలుతోంది. ఈ ఏడు నెలల్లో తను కూడా ఐదు కిలోలు పెరిగింది. తనకే క్రమశిక్షణ లేదు. పోయిన నెల ఒక సాయంత్రం, రొట్టె అట్టముక్కలా ఉందని అన్నందుకు ఆ చార్టు పీకి ముక్కలు చేసింది. చక్కెర వ్యాధి ఉన్న మా అమ్మ, ఇంటర్ చదివే అమ్మాయి, తొమ్మిదో తరగతి అబ్బాయి అందరూ చూస్తుండగానే. ఆమెకు కౌన్సెలింగ్ అవసరమా? నా ఆరోగ్యం విలువ ఆమెకు ఎలా తెలియజెప్పాలి?

జవాబు: కౌన్సెలింగ్ అవసరం లేదు. మీ ఆరోగ్యం విలువ ఆమెకు తెలుసు. ఏడు నెలలుగా మీరు నడక నుంచి వచ్చేసరికి జావ కాచి పెడుతున్న మనిషికి అది తెలియదంటే నేను నమ్మను. మీరు అడిగినవి రెండూ అయిపోయాయి కాబట్టి, అడగనిది మాట్లాడుకుందాం.

ముందు ఆ రొట్టె సంగతి. జొన్నరొట్టె ఎప్పుడైనా తట్టారా? గోధుమపిండికి ఉండే జిగురు జొన్నపిండికి ఉండదు. మరిగే నీళ్లు పోసి, చెయ్యి కాలుతుండగానే మర్దించి, అరచేత్తో కొడుతూ పల్చగా చేయాలి. కొంచెం ఏమరితే అంచులు పగులుతాయి, పెనం మీదకు ఎత్తేలోగా రెండు ముక్కలవుతుంది. రాయలసీమలోనో తెలంగాణలోనో అమ్మమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్న వాళ్లకు అది చేతి వాటం. మన తీరంలో అన్నం తిని పెరిగిన ఇల్లాలికి నలభై ఏళ్లు దాటాక కొత్తగా పట్టుబడాల్సిన విద్య. ఆమె నేర్చుకుంది. ఉదయం ఎనిమిదింటికి చేసి క్యారేజీలో సర్దిన రొట్టెను మీరు ఒంటిగంటకు తింటున్నారు. అది గట్టిపడకపోతే ఆశ్చర్యపడాలి. సాయంత్రం ఇంటికొచ్చి, అత్తగారి ముందు, పిల్లల ముందు ‘అట్టముక్క’ అన్నారు. ఆమె కాగితం చింపింది. నేనైతే అప్పడాల కర్రను కూడా లెక్కలోకి తీసుకునేదాన్ని.

మీ ఇంట్లో ఒక్క పూట వంట లెక్క వేశాను. మీకు జావ, రొట్టె, ఉడికించిన కూరలు. పిల్లలకు అన్నం, వేపుడు, పెరుగు. వాళ్లకు మీ చార్టు వర్తించదు కదా. మీ అమ్మగారికి చక్కెర ఉంది కనుక ఆవిడకు వేరే. ఆమెకేమో? ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆమె ఏం తింటుందో, ఎప్పుడు తింటుందో ఎక్కడా లేదు. ఐదు కిలోలు పెరిగిందని మాత్రం ఉంది. ఆ ఐదు కిలోలు ఎక్కడి నుంచి వచ్చాయో నేను చెబుతాను. పిల్లలు వదిలేసిన వేపుడు, మీకు నచ్చక పక్కన పెట్టిన రొట్టె, అమ్మగారు వద్దన్న కూర. పారబోయడానికి చేతులు రాని ఆడవాళ్ల కడుపులోకే అవన్నీ చేరతాయి. మా అమ్మా అంతే. నాన్నగారికి చక్కెర వ్యాధి వచ్చాక ఇరవై ఏళ్లు వేళకు గోధుమరవ్వ వండి పెట్టింది. తను మాత్రం మధ్యాహ్నం మూడింటికి, గిన్నెల్లో మిగిలినవన్నీ ఒక కంచంలోకి ఊడ్చుకుని, వంటింటి గడప మీద కూర్చుని తినేది. ఆవిడ లావును చూసి మేమందరం నవ్వేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే నాకు నవ్వు రాదు.

అందుకే మీ పట్టుదల అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. అనుకున్నది మీరు, చేస్తున్నది ఆమె. గిరి ప్రదక్షిణ గొప్పదే, కాదనను. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్లు చుట్టి రావడం 91 కిలోల మనిషికి చిన్న సంగతి కాదు. కానీ ఆ రాత్రి మీ అమ్మగారికి మందులు ఇచ్చింది ఎవరు? మర్నాడు మీ కాళ్లకు కొబ్బరినూనె రాసింది ఎవరు? అప్పన్న స్వామి మొక్కు ఏడాదికి ఒక్క రోజు. రాగి జావ 365 రోజులు.

ఇంకో లెక్క చూడండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే 2000 కేలరీల పళ్లెంలో రోజుకు 400 గ్రాముల కూరగాయలు ఉండాలి. అంటే మీ ఐదుగురికి రెండు కిలోలు. చార్టులో ‘కూరగాయలు ఎక్కువ’ అని రాయడానికి అర నిమిషం పడుతుంది. రెండు కిలోల బీరకాయలకు చెక్కు తీసి, చేదు చూసి, తరగడానికి ఎంతసేపు పడుతుందో ఒక్కసారి చేసి చూడండి. రోజూ ఐదింటికి లేవగలిగిన వారికి కత్తిపీట బరువేమీ కాదు. నడక ముగించి వచ్చేటప్పుడు ఎంవీపీ రైతు బజారులో ఆగండి. ఆనపకాయ, బెండకాయ, తోటకూర మీరే ఏరి తీసుకురండి. రాత్రి వార్తలు చూస్తూ మర్నాటికి సరిపడా తరిగి డబ్బాల్లో పెట్టండి. మీ ఆరోగ్యానికి ఎవరైనా ప్రణాళిక రాయమంటే నేను ఇంతకన్నా రాయను.

ఆ నూనె చెంచా మాత్రం ఈ రోజే తీసేయండి. పాతికేళ్లుగా వంట చేస్తున్న మనిషికి చెంచాతో కొలిచి ఇవ్వడం ఏమిటండీ? కొట్లో గుమాస్తా మీద యజమానికి కూడా అంత అనుమానం ఉండదు. అదే పళ్లెంలో నూనె, నెయ్యి అన్నీ కలిపి మనిషికి రోజుకు 27 గ్రాములు. ఐదుగురికి నెలకు సుమారు నాలుగు కిలోలు. నెల మొదట్లో ఇద్దరూ కూర్చుని అంతే కొనుక్కోండి. ఎప్పుడు ఎంత పోయాలో ఆమె చూసుకుంటుంది.

ఇక మూడు రకాల వంట దేనికి? మీకు వద్దన్నవి మీ అమ్మగారికీ మంచివి కావు, పిల్లలకూ అంత మంచివి కావు. ఇంటిల్లిపాదికీ ఒకే వంట చేసుకోండి. కంచంలో సగం కూరలు, పావు వంతు పప్పో గుడ్డో చేపో, మిగిలిన పావులో అన్నం. రెండు పూటలా అన్నం గుట్టగా పెట్టుకోవడం మానితే చాలు, దాన్ని ఇంటి నుంచి తరిమేయనక్కర్లేదు. సముద్రం పక్కన ఉండి వారానికి రెండుసార్లు చేపల పులుసు తినకపోతే ఎలా? ఎదిగే పిల్లలు అన్నం ఇంకొంచెం వేసుకుంటారు, అంతే తేడా. జొన్నరొట్టె తినాలనిపించిన ఆదివారం మీరే పిండి కలపండి.

ఆదివారం అంటే గుర్తొచ్చింది. కాసిని పునుగులు అన్నారు. మీ బరువు ఉన్నవాళ్లు గంటసేపు చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది 300 నుంచి 400 కేలరీలు. పునుగుల ప్లేటు, మీద కొబ్బరి చట్నీ, పక్కన ఇడ్లీ, ఆఖరున చక్కెర టీ కలిసి ఆ లెక్కను బీచ్ రోడ్డు దాటకముందే సరిచేసేస్తాయి. మిత్రులను మానుకోమనను. కానీ ఆ పునుగులు మీ ఆవిడ వేయలేదు కదా. వాటి నూనెను ఎవరు కొలిచారు?

బరువు ఆగిపోవడం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అందులో రహస్యమేమీ లేదు. ఒళ్లు తేలికయ్యేకొద్దీ దానికి కావలసిన శక్తి కూడా తగ్గుతుంది. మొదట్లో తగ్గినంత వేగంగా తర్వాత తగ్గదు. వారానికి అర కిలో తగ్గితే చాలా మంచి లెక్క, పావు కిలో అయినా పరవాలేదు. 2002లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనంలో మీలాగే మధుమేహం అంచున ఉన్నవారికి పెట్టిన లక్ష్యం బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం. దాంతోనే మధుమేహం వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. మీ విషయంలో 7 శాతం అంటే ఆరున్నర కిలోలు కూడా లేదు. బరువు రోజూ చూసుకోకండి, వారానికి ఒకసారి చాలు. నెలకోసారి నడుము కొలవండి. మన దేశంలో మగవారికి 90 సెంటీమీటర్ల లోపు ఉండాలంటారు. మళ్లీ హెచ్‌బీఏ1సీ ఎప్పుడు చేయించాలో మీ డాక్టరును అడగండి. వెళ్లేటప్పుడు ఆమెను కూడా తీసుకెళ్లి ఆమె రక్తం కూడా పరీక్ష చేయించండి. ఐదు కిలోలు పెరగడం వెనుక థైరాయిడ్ ఉందేమో ఇంతవరకు ఎవరైనా చూశారా? ‘క్రమశిక్షణ లేదు’ అని తీర్పు రాసే ముందు చేయాల్సిన పని అది.

క్షమాపణ ఎలా చెప్పాలని మీరు అడగలేదు, కానీ చెప్పాలి. ఆమెను పడకగదిలోకి పిలిచి గుసగుసలాడితే చెల్లదు. మాట అన్నది అందరి ముందు కనుక అదే భోజనాల బల్ల దగ్గర, మీ అమ్మగారు, పిల్లలు వింటుండగా చెప్పండి. మీ అబ్బాయి తప్పకుండా వినాలి. రేపు వాడూ ఒకరింటి అల్లుడవుతాడు.

చార్టు మళ్లీ రాయకండి. వచ్చే ఆదివారం బీచ్ నుంచి నేరుగా ఇంటికి వచ్చేయండి. కూరలు మీరే తరిగి, వంటింట్లోనే ఓ పక్కన కూర్చోండి. ఆమె మొదటి ముద్ద ఎన్ని గంటలకు నోట్లో పెట్టుకుంటుందో చూసి, ఆ సమయం నాకు రాయండి.