తోట అమ్మి సీటు కొనాలా?

ప్రశ్న: మాది పలాస దగ్గర ఉద్దానంలో ఒక పల్లె. తితిలీ తుపానుకు కూలిపోయిన జీడితోటను మళ్లీ నాటి పెంచుకున్నాను. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో మా అమ్మాయికి టెక్కలిలో కన్వీనర్ కోటాలో (ర్యాంకును బట్టి కేటాయించేది) ఐటీ సీటు వచ్చింది. తోటలో సగం అమ్మి, విశాఖలో మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్ఈలో (కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్) చేర్పిద్దామన్నాను. ఆనాటి నుంచి అమ్మాయి నాతో మాట్లాడటం మానేసి, చదువే వద్దంటోంది. ఏం చేయాలి?

జవాబు: బిడ్డ చదువు కోసం తోటనే వదులుకోవడానికి సిద్ధపడిన మీ మనసు నాకు అర్థమైంది. అయినా ఆ బేరాన్ని ఇప్పటికి ఆపమనే చెబుతాను. ముందుగా, టెక్కలి సీటుకు సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు తీసుకుంటున్నామని ఆన్‌లైన్‌లో తెలపడం) గడువు ఎప్పుడో చూడండి. ఇంట్లో మాటలు లేని ఈ రోజుల్లో ఆ తేదీ దాటిపోతే చేతిలో ఉన్న సీటు రద్దవుతుంది.

సీఎస్ఈకీ ఐటీకీ మధ్య చాలామంది అనుకునేంత దూరం పాఠాలలో లేదు. డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్, నెట్‌వర్క్స్ వంటి పునాది విషయాలు రెండింటిలోనూ ఉంటాయి, తేడా ఎక్కువగా చివరి సంవత్సరాలలో ఎంచుకునే ఐచ్ఛిక విషయాల దగ్గరే వస్తుంది. శాఖ పేరు కంటే, ఆ శాఖకు ఎన్‌బీఏ అనే జాతీయ సంస్థ గుర్తింపు ఉందా (న్యాక్ గ్రేడు కళాశాల మొత్తానికి ఇచ్చేది, ఎన్‌బీఏ ఒక్కొక్క శాఖను విడిగా చూసి ఇచ్చేది), అధ్యాపకులు నిలకడగా ఉంటున్నారా, ల్యాబ్‌లో విద్యార్థి స్వయంగా ప్రోగ్రాములు రాసే అవకాశం ఎంత అన్నవి చూడాలి. వీటికి నిజమైన జవాబులు చివరి సంవత్సరం పిల్లల దగ్గర దొరుకుతాయి. డబ్బు సంగతికొస్తే, అర్హత ఉన్న కుటుంబాలకు కన్వీనర్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ సీటుకు ఆ ఆసరా ఉండదు, దానిపైన నాలుగేళ్ల హాస్టల్ ఖర్చూ మీదే.

ఇక మీ అమ్మాయి మౌనం గురించి. 2018 అక్టోబరులో తితిలీ వచ్చేనాటికి ఆమెకు పదేళ్లు ఉండి ఉంటాయి. పడిపోయిన చెట్ల మధ్య మీరు నిలబడటం, మళ్లీ మొక్కలు నాటి కాపు కోసం ఏళ్లపాటు ఎదురుచూడటం ఆమె కళ్లముందే జరిగాయి. ఇప్పుడు నిండుగా కాస్తున్న ఆ తోట తన కారణంగా చేజారుతుందంటే, రేపు చదువులో ఎక్కడైనా వెనకబడినా ఆ భారం తనదేనన్న భయం ఆమెను పట్టుకుని ఉండవచ్చు. చదువు వద్దనడం వెనుక ఉన్నది ఈ భయమేనని నేను అనుకుంటున్నాను, కానీ అవునో కాదో చెప్పవలసింది ఆమె. బంధువులెవరూ లేని సమయంలో, తల్లిని పక్కన ఉంచుకుని, "తోట అమ్మడం లేదమ్మా, నీకు ఏది చదవాలని ఉందో చెప్పు" అని అడగండి. ఆమె చెబుతున్నప్పుడు మధ్యలో నచ్చచెప్పకండి, జవాబు మర్నాటికి వాయిదా వేసినా నష్టం లేదు. తిండి, నిద్ర కూడా తగ్గినట్లు కనిపిస్తే మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, అక్కడ తెలుగులోనే మాట్లాడతారు.

ఆమె కాస్త తేరుకున్నాక ఇద్దరూ బస్సెక్కి టెక్కలి వెళ్లి ఆ కళాశాలను చూసి రండి. అక్కడ అడగవలసిన ప్రశ్నలన్నీ ఆమెనే అడగనివ్వండి.