నేను గోతిలో పడ్డప్పుడు ఆగిన నలుగురు

"మీకు బాగా నచ్చిన ఆన్‌లైన్ మల్టీప్లేయర్ రోల్ ప్లేయింగ్ గేమ్ ఏది? జనాన్ని ఏళ్ల తరబడి అందులో కట్టిపడేసేది ఏమిటి?" అన్నది ప్రశ్న. మొదటి సగానికి జవాబు ఒక్క ముక్కలో తేలిపోతుంది: వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్. రెండో సగం దగ్గరే గొడవంతా. ఎవర్నడిగినా గ్రాఫిక్స్ అంటారు, కథ అంటారు, లూట్ (శత్రువుల్ని చంపితే దొరికే వస్తువులు) అంటారు, ఎప్పటికప్పుడు కొత్త కంటెంట్ అంటారు. పదిహేనేళ్లుగా ఈ ఆటల్లో పడి దొర్లుతున్నవాణ్ని, నన్నడిగితే అవేవీ కావు. ఎదురుచూపులు. అవును, ఆటలో అందరూ తిట్టుకునే ఆ ఖాళీ సమయం. మనిషిని పట్టుకునేది అదే.

ఇదేదో పుస్తకాలు చదివి కనిపెట్టింది కాదు. ఒక రాత్రి గోతిలో పడి తెలుసుకున్నది.

వార్‌క్రాఫ్ట్ అసలు ఆట వచ్చింది 2004 నవంబర్‌లో. దాన్ని పాత రూపంలోనే మళ్లీ క్లాసిక్ అని 2019 ఆగస్టు చివర్లో వదిలారు. నేను ప్రీస్ట్‌ని, అంటే హీలర్‌ని, గ్రూపులో మిగతావాళ్ల గాయాలు మాన్పేవాణ్ని. లెవెల్ 20 దగ్గర ఉన్నా. బ్యారెన్స్ అనే ఎండిపోయిన మైదానం మధ్యలో వెయిలింగ్ కేవర్న్స్ అని ఒక డంజన్, అంటే గ్రూపుగా వెళ్లి కొట్లాడే గుహ, ఉంటుంది. ఐదుగురు కావాలి. నాతో పాటు మేజ్ (మంత్రగాడు), రోగ్ (కత్తులవాడు), హంటర్ (పెంపుడు జంతువుతో తిరిగే వేటగాడు) దొరికారు, ముందు నిలబడి దెబ్బలన్నీ తను కాచుకునే ట్యాంక్ దొరకలేదు. నలభై నిమిషాలు చాట్‌లో అరిచాం. ఆ నలభై నిమిషాలూ గుహ ముందు కూర్చుని ఏం చేస్తాం? కబుర్లు. మేజ్‌కి కొత్తగా ఉద్యోగం వచ్చిందట, రోగ్‌కి పరీక్షలట. హంటర్ తన సింహం గురించి తప్ప ఇంకేం మాట్లాడలేదు. చివరికి ట్యాంక్‌గా ఒక వారియర్ వచ్చాడు. "వస్తున్నా" అని ఒక్క మాట కొట్టి, గుహలోకి దారితీశాడు. వచ్చాడు అంటున్నానే గాని, అతనో ఆమెనో అప్పుడు తెలీదు, ఇప్పుడూ తెలీదు.

ఆ గుహ సంగతి ఆడినవాళ్లకి తెలుసు. డంజన్ ద్వారం చేరకముందే దారి తప్పుతాం. లోపల ఏ సొరంగం చూసినా ఒకటే రంగు, ఒకటే రాయి. పాములు, మొసళ్లు, పాముల్లా మారిపోయే డ్రూయిడ్లు. గంటన్నర బాగానే సాగింది. ఆ తర్వాత ఆ గెంతు వస్తుంది. రెండు గట్ల మధ్య ఖాళీ. గురి చూసి దూకాలి, తప్పితే కింద నీళ్లలో పడతాం, మళ్లీ చుట్టూ తిరిగి పైకి రావాలి. నలుగురూ దూకారు. నేను పడ్డాను.

"ఉండండి, వస్తున్నా" అన్నాను. బట్టలే కవచంగా తొడుక్కునే ప్రీస్ట్ ఒంటరిగా ఆ దారిలో ఎంత దూరం వస్తాడు? మేం ముందు చంపిన పాములన్నీ మళ్లీ పుట్టుకొచ్చాయి. సగం దారిలో ఇరుక్కుపోయాను. నలుగురూ వెనక్కొచ్చి నన్ను తోడుకుని పోయారు. మళ్లీ అదే గట్టు. ఈసారి బాగా వెనక్కి జరిగి, ఊపందుకుని, దూకి, మళ్లీ పడ్డాను.

ఇక్కడ మామూలుగా జరిగేదేమిటో తెలుసు కదా. తిట్టి, గ్రూపులోంచి తీసేసి, ఇంకో హీలర్‌ని వెతుక్కుంటారు. కాని ఇంకో హీలర్ కోసం మరో నలభై నిమిషాలు ఎవరు అరుస్తారు? అందుకని హంటర్‌కి జాలి పుట్టింది. "నేను దిగి తీసుకొస్తా" అని దూకేశాడు. అతని సింహం దూకలేదు.

ఆ ఆటలో పెంపుడు జంతువులు గట్ల మీంచి దూకవు. యజమాని దూకితే అవి నడిచే దారి వెతుక్కుని చుట్టూ తిరిగి వస్తాయి. వస్తూ వస్తూ, మేం పక్కనుంచి జాగ్రత్తగా తప్పించుకొచ్చిన ప్రతి ప్రాణినీ తట్టి లేపి వెంటేసుకుని వస్తాయి. హంటర్ అన్నవాడు దూకేముందు జంతువుని దాచేయాలి, అది మొదటి పాఠం. మా వాడు ఆ పాఠం రోజు బడికి రాలేదు. నీళ్లలో నేనూ అతనూ నిలబడి ఉన్నాం. దూరం నుంచి సింహం పరుగెత్తుకుంటూ వస్తోంది. దాని వెనకాల ఊరేగింపు. ఎన్ని పాములో లెక్కపెట్టే టైము కూడా లేదు. మమ్మల్ని కాపాడదామని ట్యాంక్ పైనుంచి దూకాడు, అతని వెనక మేజ్, రోగ్. అరనిమిషంలో ఐదుగురి శవాలూ నీళ్లలో తేలాయి.

(హంటర్ల జంతువుల చరిత్రే అంత. 2005 సెప్టెంబర్‌లో జుల్‌గురుబ్ అనే రైడ్‌లో (పెద్ద గుంపుగా వెళ్లే డంజన్‌లో) హక్కర్ అనే బాస్ అంటించే ఒక రక్తపు శాపం ఉండేది, అది ఆ రైడ్ వరకే ఉండాల్సింది. శాపం అంటిన జంతువుని దాచేసి ఊళ్లోకి తీసుకెళ్లి మళ్లీ బయటికి పిలిస్తే శాపం కూడా దానితో వచ్చేసింది. నగరాలకు నగరాలు శవాలతో నిండిపోయాయి. అంటువ్యాధుల్ని పరిశోధించేవాళ్లు కూడా తర్వాత దాని మీద వ్యాసాలు రాశారు.)

చస్తే దయ్యాలమై శ్మశానంలో లేస్తాం. అక్కణ్నుంచి గుహ దాకా పరుగెత్తాలి. ఐదు దయ్యాలం వరసగా పరుగెత్తాం. గుహలో దయ్యాలకీ దారి తప్పింది. అప్పటిదాకా రెండు మూడు మాటలకి మించి మాట్లాడని ట్యాంక్ అప్పుడు చాట్‌లో ఒక వాక్యం కొట్టాడు: "ఇవాళ ట్యాంక్‌ని నేను కాదు, ఆ సింహం." నేను నవ్వి నవ్వి కీబోర్డు వదిలేశాను. నా దయ్యం ఒక గోడకి తగిలి అక్కడే పరుగెడుతూ ఉండిపోయింది.

రాత్రి తొమ్మిదికి మొదలుపెడితే, చివరి బాస్ ముటానస్ పడిపోయేసరికి ఒంటిగంట దాటింది. నాకు పనికొచ్చే వస్తువు ఒక్కటీ రాలేదు. మర్నాడు లాగిన్ అయ్యేసరికి హంటర్ దగ్గర్నుంచి మెసేజ్: "సింహం నిన్ను అడుగుతోంది." నెల తిరిగేసరికి ఐదుగురం ఒకే గిల్డ్‌లో, అంటే ఆటగాళ్ల ఒకే సంఘంలో, ఉన్నాం.

ఇప్పుడు చెప్పండి, ఇందులో గ్రాఫిక్స్ ఎక్కడుంది? 2004 నాటి బొమ్మలు. కథ ఎక్కడుంది? ఆ డ్రూయిడ్లు ఎందుకు చెడిపోయారో అప్పుడు మాలో ఒక్కడికీ తెలీదు. లూట్ సున్నా. ట్యాంక్ కోసం కూర్చున్న నలభై నిమిషాలు, నేను పడినప్పుడల్లా ఆగిన పావుగంటలు, మానా (మంత్రశక్తి) నిండడానికి నేను నీళ్లు తాగుతుంటే పక్కనే నిలబడి గెంతులేసిన రోగ్. ఆ ఖాళీలోనే మాటలు పుట్టాయి. అసలు ఆటలో 2009 డిసెంబర్‌లో గ్రూపులు దానంతటదే కలిపిపెట్టే డంజన్ ఫైండర్ వచ్చింది. ఒక బటన్ నొక్కితే చాలు, వేరే వేరే సర్వర్ల నుంచి ఐదుగురు వచ్చి పడతారు, ఇరవై నిమిషాల్లో పని ముగించి నమస్కారం కూడా లేకుండా మాయమవుతారు. సౌకర్యమే, కాదనను. రైలు పెట్టెలో సీటు కూడా సౌకర్యమే, పక్కసీటువాడి మొహం మర్నాటికి గుర్తుండదు. క్లాసిక్ వచ్చినప్పుడు అందులో ఆ బటన్ లేదు, జనం మళ్లీ కుప్పలుగా వచ్చి చాట్‌లో అరిచారు. నా వాదనకి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మా తమ్ముడు దీన్ని ఒప్పుకోడు. వాడిది ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్. గిల్డ్ లేదు, గ్రూపు లేదు, నెలల తరబడి ఒంటరిగా చెట్లు నరుకుతాడు. అందులో ఒక విద్యలో 99వ లెవెల్ చేరాలంటే 1,30,34,431 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) కావాలి. తమాషా ఏమిటంటే 92 దగ్గరకొచ్చేసరికి అందులో దాదాపు సరిగ్గా సగం అవుతుంది. వాడు 92 చేరినరోజు నాకు ఫోన్ చేసి, "అన్నా, సగం అయిపోయింది" అన్నాడు. ఆ గొంతులో దిగులు ఉందో ఆనందం ఉందో నాకు తేలలేదు.

"మరి నేనెవడి కోసం ఎదురుచూస్తున్నాను? నీదంతా సోది" అంటాడు. నా జవాబు: నువ్వు 99 చేరినప్పుడు ఆ చెట్టు దగ్గర ఉన్న ముక్కూమొహం తెలియనివాళ్లంతా "కంగ్రాట్స్" కొట్టారా లేదా? కొట్టారు. స్క్రీన్‌షాట్ తీసుకున్నావా లేదా? తీసుకున్నాడు. ఎవరూ లేని సర్వర్‌లో అదే చెట్టు నరుకుతావా అంటే మాట మార్చేశాడు. పైగా ఆ ఆట బతికి ఉండటమే ఆడేవాళ్ల చలవ. 2007 నాటి రూపం మళ్లీ కావాలని 2013లో ఓటు వేసి తెచ్చుకున్నారు, ఇప్పటికీ పెద్ద మార్పులు చేయాలంటే మామూలుగా వాళ్లనే అడుగుతారు. మొదట్లో నూటికి 75 ఓట్లు పడాలనేవారు, 2022లో 70కి దించారు. చెట్లు నరికేవాడికి కూడా ఊళ్లో ఓటుంది, వాడు ఊరెందుకు వదుల్తాడు?

అయితే వాడి పుణ్యమా అని ఒక ఫిర్యాదు ఇక్కడే చెప్పేస్తాను. డ్రాప్ రేటు (ఒకసారి చంపితే వస్తువు దొరికే అవకాశం) వందకి ఒకటి అంటే వంద చంపితే వచ్చి తీరుతుందని అనుకునేవాళ్లతో వేగలేకపోతున్నాను. వంద చంపాక కూడా నూటికి దాదాపు 37 మందికి ఆ వస్తువు రాదు. ఇది లెక్క, కుట్ర కాదు. అబిసల్ విప్ అని రూన్‌స్కేప్‌లో ఒక కొరడా ఉంది, అది 512కి ఒకటి. మా వాడు పన్నెండు వందలు చంపాక "ఆట నన్ను గుర్తుపట్టి ఇవ్వట్లేదు" అన్నాడు. చదువుకున్న కుర్రాడే.

డిజైనర్లకి మన మనసు బాగా తెలుసు, అది ఒప్పుకుంటా. వార్‌క్రాఫ్ట్ ఇంకా పరీక్షల దశలో ఉన్నప్పుడు ఎక్కువసేపు ఆడితే ఎక్స్‌పీ సగానికి పడిపోయేలా పెట్టారు. జనం మండిపడ్డారు. అప్పుడు అంకెలన్నీ రెట్టింపు చేసి, మామూలుగా వచ్చేదాన్ని "విశ్రాంతి తీసుకున్నందుకు బోనస్" అన్నారు, బోనస్ అయిపోయాక వచ్చే సగాన్ని "మామూలు" అన్నారు. లెక్క అదే. జనం చప్పట్లు కొట్టారు. కానీ ఇలాంటి కిటుకులు మనిషిని వారం ఆపుతాయి, నెల ఆపుతాయి. పదేళ్లు ఆపవు.

కిటుకులే ఆట అనుకుంటే ఏమవుతుందో ఫోన్‌లో చూశాను. పేరెందుకు గాని ఒక మొబైల్ గేమ్ ఆడాను. అందులో "ఆటో" అని ఒక బటన్. నొక్కితే క్యారెక్టర్ తనే నడుస్తుంది, తనే కొడుతుంది, తనే క్వెస్ట్ అప్పగిస్తుంది. ఆట ఆట ఆడుకుంటుంది, నేను చూస్తూ కూర్చోవాలి. స్క్రీన్ నిండా ఎర్రచుక్కలు, రోజూ లాగిన్ అయినందుకు బహుమతి, ఏడో రోజు పెద్ద బహుమతి. ఆరో రోజు ఫోన్ ఛార్జింగ్ అయిపోయి లాగిన్ కాలేదు, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టమంది. ఆ ఆరు రోజుల్లో ఒక్క మనిషితో ఒక్క మాట మాట్లాడలేదు. ఆటలో గిల్డ్ ఉంది, యాభై మంది ఉన్నారు, అందరూ ఆటోలోనే ఉన్నారు. తీసి పారేశాను.

రిచర్డ్ బార్టిల్ అనే ఆయన 1996లోనే ఆడేవాళ్లని నాలుగు పేకముక్కల్లా విడగొట్టాడు: సాధించేవాళ్లు డైమండ్లు, వెతికేవాళ్లు ఇస్పేట్లు, కబుర్లాడేవాళ్లు ఆఠీన్లు, ఎదుటివాణ్ని ఏడిపించేవాళ్లు కళావర్లు. మంచి ఆలోచనే, ఆయన మామూలు మనిషి కాదు, 1978 నాటి మొదటి మడ్ (బొమ్మల్లేకుండా అక్షరాలతోనే నడిచే, పదిమంది కలిసి ఆడే ఆట) తయారుచేసిన ఇద్దరిలో ఒకడు. కాని ఆ విభజన మీద తయారైన క్విజ్ ఫలితం పట్టుకుని "నేను ఇస్పేటు, నాకు గ్రూపులు పడవు" అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లుమంట. వెతికింది చూపించడానికి ఎవరూ లేకపోతే ఎన్నాళ్లు వెతుకుతావు?

నా మాటకి ఎదురు తగిలే ఆట ఒకటుంది, ఫైనల్ ఫ్యాంటసీ 14. అందులోనూ గ్రూపులు బటన్‌తోనే కలుస్తాయి, అయినా జనం మర్యాదగా ఉంటారు. దానికి నా దగ్గర సమాధానం ఉంది. 2010లో ఆ ఆట మొదటిసారి వచ్చినప్పుడు ఘోరంగా దెబ్బతింది. నవోకి యోషిదా అనే ఆయన చేతికిచ్చి మొత్తం కూల్చి కట్టమన్నారు. పాత సర్వర్లు 2012 నవంబర్‌లో ఆపేశారు. ఆపేసే రోజున ఆకాశంలో డాలముడ్ అనే ఎర్రటి చంద్రుడు నెత్తిమీదికి వచ్చేశాడు. ఇక లెవెల్ లేదు, లూట్ లేదు, తెల్లారితే ఆటే ఉండదు. అయినా జనం లాగిన్ అయ్యి ఊళ్లలో గుమిగూడి చివరిదాకా నిలబడ్డారు. 2013 ఆగస్టులో కొత్త ఆట వచ్చేదాకా ఎదురుచూశారు కూడా. తొమ్మిది నెలలు! మర్యాద ఊరికే రాలేదు.

అంతరిక్షంలో నడిచే ఈవ్ ఆన్‌లైన్ కూడా అంతే. నేను ఆడింది రెండు నెలలే, అర్థమైంది తక్కువే. కాని 2014 జనవరిలో అక్కడ జరిగిన యుద్ధం గుర్తుందా? ఒక నక్షత్ర మండలానికి కట్టాల్సిన బిల్లు కట్టకపోవడంతో మొదలైంది. 7,500కి పైగా క్యారెక్టర్లు, దాదాపు 21 గంటలు, 75 టైటన్లు (ఆటలోకెల్లా భారీ నౌకలు) బూడిద. అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచి వచ్చినవాళ్లు ఉంటారు, ఆఫీసుకి సెలవు పెట్టినవాళ్లు ఉంటారు. వాళ్లని లేపింది ఏ క్వెస్టూ కాదు, అవతల తనవాళ్లు ఉన్నారన్న సంగతి.

నచ్చిన ఆట ఏదంటే ఇంత దూరం వచ్చాను. ఆ గుహలో ఐదుగురిలో మేజ్, రోగ్ ఎప్పుడో మానేశారు. ట్యాంక్, హంటర్, నేను మాత్రం ఇప్పటికీ శనివారాలు కలుస్తాం. ఎక్కడ గట్టు మీంచి దూకాల్సి వచ్చినా ముందుగా ట్యాంక్ చాట్‌లో "సింహం?" అని కొడతాడు. హంటర్ దాన్ని దాచేసి "దూకండి" అంటాడు. వాళ్లిద్దరూ దూకేసి అవతల కూర్చుంటారు, నేను ఎలాగూ పడతానని తెలుసు కాబట్టి.