చెరకు తోటలో సుమతి పద్యం: ఒక ఉపాధ్యాయినికి లేఖ

విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. సంక్రాంతి సెలవుల తరువాత మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలను ఒక రోజు బయటికి తీసుకువెళ్లి, తెలుగు సాహిత్య చరిత్రను వాళ్లు చేతులతో తాకి తెలుసుకొనేలా చేయాలని నువ్వు అనుకోవడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. అయితే విజయనగరంలో గురజాడ ఇల్లు, దారిలో భీమిలి, తిరిగి వచ్చేటప్పుడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గ్రంథాలయంలోని తాళపత్రాలు, అన్నీ ఒకే రోజున చూపించాలన్న ప్రణాళికను మాత్రం మానుకోమని చెబుతున్నాను. ఎనిమిదేళ్ల పిల్లలకు అలాంటి రోజున మిగిలేది బస్సు కిటికీ, వరుసలో నిలబడడం, ఏదీ ముట్టుకోవద్దన్న హెచ్చరిక మాత్రమే. గురజాడ ఇల్లు తప్పక చూడవలసినదే, కాని అద్దాల వెనుక ఉన్న వస్తువు విలువ తెలిసే వయసు ఉన్నత పాఠశాలకు వచ్చాక వస్తుంది. ప్రాథమిక తరగతుల వాళ్లకు ఒక్క చోటు, రెండు పద్యాలు, చేతికి నిండా పని ఉంటే చాలు.

ఆ చోటుగా అనకాపల్లి చెరకు పొలాలను ఎంచుకోమని నా సలహా. మన నగరం నుంచి జాతీయ రహదారి మీద పిల్లలు అలసిపోకముందే చేరుకోవచ్చు. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి అక్కడే ఉంది. చెరకు మీద పనిచేసే ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రం 1913లో అక్కడ మొదలైంది, అంటే గురజాడ అప్పారావు గారు జీవించి ఉన్న కాలంలోనే. ఇప్పుడు అది ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉంది. నెల రోజుల ముందే అక్కడి అధికారులకు బడి తరఫున ఉత్తరం రాసి అనుమతి అడుగు. దానితో పాటు దగ్గరి పల్లెలో గానుగ ఆడుతున్న ఒక రైతుతో నువ్వే స్వయంగా వెళ్లి మాట్లాడు. ఫోనులో కుదుర్చుకొంటే పిల్లలు వెళ్లిన నాడు గానుగ ఆగి ఉండవచ్చు.

సాహిత్యానికి చెరకు తోట ఎందుకని నీ ప్రధానోపాధ్యాయులు అడుగుతారు. వారికి సుమతీ శతకంలోని పద్యం ఒకటి చదివి వినిపించు.

కొరగాని కొడుకు పుట్టిన
కొరగామియె కాదు తండ్రి గుణముల చెరచున్
చెరకు తుద వెన్ను పుట్టిన
చెరకున తీపెల్ల చెరచు సిద్ధము సుమతీ!

ఇది 13వ శతాబ్దపు బద్దెన రచన అని సంప్రదాయం చెబుతుంది. ఇన్ని వందల ఏళ్లుగా తెలుగు పిల్లలు దీన్ని వల్లె వేస్తున్నారు, కాని చెరకు వెన్ను ఎలా ఉంటుందో చూసినవాళ్లు మన నగరంలోని తరగతి గదుల్లో ఎంతమంది ఉంటారు? జనవరిలో తోట గట్టు మీద నిలబడితే గడల కొనల మీద లేత ఊదా, వెండి రంగుల్లో కుచ్చుల్లాంటి పూత కనిపిస్తుంది. అదే వెన్ను. ఆ కవి, లేదా ఆయనకు ముందటి రైతు ఎవరో, దాన్ని చూసి, గడను కొరికి చూసి, ఆ తరువాతే ఆ మాట అన్నారు. పద్యం పుస్తకంలో పుట్టలేదని, ఒక మనిషి కంటితో, నాలుకతో పరీక్షించిన తరువాత పుట్టిందని పిల్లలకు తెలియడమే సాహిత్య చరిత్రలో మొదటి పాఠమని నేను గట్టిగా నమ్ముతాను.

అందుచేత ముందు రుచి, తరువాత పద్యం. పద్యాన్ని బడిలోనే రాగంతో నేర్పు, అర్థం మాత్రం చెప్పకు. తోటలో వెన్ను వేసిన గడను, వెయ్యని గడను రైతు చేత నరికించి ముక్కలు పంచు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఏ చెరకైనా మొదలు దగ్గర ఎక్కువ తీపిగా, తుదలో చప్పగా ఉంటుంది కాబట్టి, రెండు గడలకూ ఒకే ఎత్తులోని కణుపుల మధ్య ముక్కలనే పోల్చాలి. అదీగాక వెన్ను వేసిన వెంటనే తీపి పోదు. వెన్ను వేసి చాలా రోజులు నరకకుండా నిలిచిన గడలోనే పై భాగం బెండువారి చప్పబడుతుంది. అలాంటి గడలను కొన్ని ఉంచమని రైతును ముందే కోరు. పరిశోధన కేంద్రంలో రసపు తీపిని కొలిచే రిఫ్రాక్టోమీటరు ఉంటుంది. ఒక్క చుక్క రసం వేసి దానిలోంచి చూసే అవకాశం వాళ్లు ఇస్తే, నాలుక చెప్పినదాన్ని అంకెతో సరిచూసుకోవచ్చు. ఒకవేళ ఏ పిల్లవాడైనా తనకు రెండూ ఒకేలా ఉన్నాయంటే వాణ్ణి దిద్దకు. పద్యాన్ని ప్రశ్నించడం కూడా చదవడంలో భాగమే.

పద్యంలోని మొదటి సగం గురించి కూడా చెప్పాలి. కొరగాని కొడుకు అన్న మాటను తరగతిలోని ఏ పిల్లవాడి వైపూ చూస్తూ అనకు, ఎవరూ ఎవరి మీదా ప్రయోగించనివ్వకు. చదువులో వెనుకబడిన పిల్లవాడు ఆ మాటను తన గురించే అనుకొని ఇంటికి వెళితే, ఆ రోజు నేర్పినదంతా వృథా. చెరకు దగ్గరే నిలబడి, ఆ కాలపు పెద్దలు ఇలా పోల్చి చెప్పారని మాత్రం చెప్పి ముందుకు సాగు.

రెండో పాఠం గురజాడ వారిది. వారు 1862 సెప్టెంబరు 21న పుట్టిన సర్వసిద్ధి రాయవరం అనకాపల్లికి అవతల, యలమంచిలి దాటాక వస్తుంది. ఆ ఊరు ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోనే ఉంది. సమయం మిగిలితే తప్ప అక్కడిదాకా బస్సు తిప్పవద్దు, ఆ దిక్కు చేత్తో చూపిస్తే సరిపోతుంది. వారు 1910లో రాసిన దేశభక్తి గేయంలో ఈ తోటకు తగిన పాదాలు ఉన్నాయి.

పాడిపంటలు పొంగి పొర్లే
దారిలో నువు పాటుపడవోయ్

దీన్ని పిల్లల చేత చప్పట్లతో చదివించు. పాడి, పంటలు, పొంగి, పొర్లే అన్న విరుపుల్లో మూడు మాత్రలు, నాలుగు మాత్రలు మార్చి మార్చి వస్తాయి (మాత్ర అంటే ఒక హ్రస్వాక్షరం పలికేంత కాలం). గురజాడ వారి గేయఛందస్సైన ముత్యాల సరం నడక ఇదే. వెంటనే చెరకు తుద వెన్ను పుట్టిన అన్న పాదాన్ని చదివించు. కందపద్యం కాబట్టి అది నాలుగేసి మాత్రల తూకంతో నడుస్తుంది. కాలువ గట్టు మీద వరుసగా నడుస్తూ ఒకసారి నాలుగు నాలుగుగా, మరోసారి మూడు నాలుగుగా చప్పట్లు వేయించావంటే, ఛందస్సు పేరు ఒక్కటైనా చెప్పకుండానే పాత పద్యానికీ కొత్త గేయానికీ మధ్య జరిగిన మార్పు వాళ్ల కాళ్లకు తెలుస్తుంది. గణాల పేర్లు చెప్పాలన్న కోరిక నీకు కలుగుతుంది, దాన్ని ఆపుకో.

గానుగ దగ్గర ఎక్కువసేపు ఉండనివ్వు, కాని దూరం పాటించాలి. చెరకు రసం పెద్ద పెనంలో కాగడం, కొద్దిగా సున్నం వేస్తే మడ్డి పైకి తేలడం, దాన్ని తీసివేస్తూ పాకం ముదరనివ్వడం, ఒక చుక్కను నీళ్లలో వేసి ఉండ కడుతోందో లేదో వేళ్లతో చూడడం, ఎండిన పిప్పే పొయ్యిలోకి మంట కావడం పిల్లలు కళ్లారా చూడాలి. నేల మీద ముగ్గుపిండితో గీత గీసి, పిల్లలు ఆ గీత దాటకుండా చూడడానికి ఇద్దరు ఉపాధ్యాయులను నిలబెట్టు. గానుగ రోలర్ల దగ్గరికి ఏ పిల్లవాడినీ చెరకు అందించనివ్వకు, రైతు సరదాగా పిలిచినా సరే.

అక్కడి పనివాళ్లు మాట్లాడే మాటలను పిల్లల చేత అడిగించి రాయించు: ముచ్చె (నాటే చెరకు ముక్క), కణుపు, పిలక (మొదలు దగ్గర పుట్టే కొత్త మొక్క), కార్శి తోట (నరికిన మోళ్ల నుంచి మళ్లీ పెరిగే తోట), జడచుట్టు (గడలు పడిపోకుండా ఆకులతో కలిపి చుట్టడం), దిమ్మ (బెల్లం ముద్ద). పాఠ్యపుస్తకంలో దొరకని ఈ మాటలు మన జిల్లాల భాషాసంపద, వీటిని పలికే పెద్దవాళ్లే ఆ రోజుకు గురువులు. రైతు ఒప్పుకొంటే ఒక్కొక్కరి చేత ఒక్కో మూడు కళ్ల ముచ్చెను చాలులో నాటించు. అది నాటే కాలమే కాబట్టి ఆయన పనికి అడ్డు రాదు.

భోజనం తరువాత చెట్టు నీడన తాటాకు పని పెట్టుకో. ఆకులను వారం ముందే నీళ్లలో ఉడికించి, నీడలో ఆరబెట్టి, నున్నగా రుద్ది, సమంగా కత్తిరించి ఉంచాలి. తాటాకు మీద రాసే ఇనుప ములికి అయిన గంటం బదులు సిరా అయిపోయిన బాల్‌పెన్ను సరిపోతుంది, పిల్లలకు ప్రమాదం ఉండదు. చెరకు తుద వెన్ను పుట్టిన అన్న ఒక్క పాదాన్ని గీరించి, దీపపు మసిలో నూనె చుక్క కలిపి ఆకంతా పూయించి, గుడ్డతో తుడిపించు. మసి గీతల్లో నిలిచి అక్షరాలు నల్లగా పైకి వస్తాయి. అడ్డగీత గీసినప్పుడు ఆకు ఈనెల వెంట చీలిపోవడం వాళ్లే గమనిస్తారు. ఒక్క పాదానికే ఇంత శ్రమ పడితే శతకమంతా రాసిన లేఖకుడి ఓపిక ఎంతటిదో అప్పుడు నువ్వు అడగవచ్చు. వేమన పద్యాలను ఆంగ్లేయ అధికారి సి.పి. బ్రౌన్ 1829లో అచ్చు వేయించేదాకా అవి ఇలాంటి ఆకుల మీద, జనం నోళ్లలో బతికాయని ఐదో తరగతి వాళ్లకు చెప్పు. చిన్నవాళ్లకు ఆకు ఒక్కటే చాలు.

మిగిలిన ఏర్పాట్లు నీకు తెలిసినవే. చెరకు ఆకు అంచు చర్మాన్ని కోస్తుంది కాబట్టి పొడుగు చేతుల చొక్కా, బూట్లు తప్పనిసరి. పాముల భయం ఉంటుంది, అందుకే తోట లోపలికి ఎవరినీ పంపకుండా గట్టు మీదే ఉంచు. మూడో తరగతిలో కొందరికి ముందు పళ్లు ఊడి ఉంటాయి, వాళ్లకు గడ కొరకడం రాదని ఎవరూ నవ్వకుండా, ముందే చిన్న ముక్కలు చేసి నలగ్గొట్టి ఇవ్వు. తల్లిదండ్రుల అంగీకార పత్రాలు, మంచినీళ్లు, ఆడపిల్లలకు మరుగుదొడ్డి వసతి నువ్వు ముందుగా వెళ్లినప్పుడే చూసుకో.

తిరిగి వచ్చాక విహారయాత్ర మీద పది వాక్యాల వ్యాసం మాత్రం రాయించకు. దానికి బదులు ఒక్కొక్కరి చేత రైతుకు ఒక ఉత్తరం రాయించు. తాను తిన్న రెండు ముక్కల్లో ఏది తియ్యగా ఉందో, పద్యం చెప్పినది నిజమనిపించిందో లేదో, తాను నాటిన ముచ్చె మొలిచిందో లేదో అడుగుతూ రాయమను. తప్పులు ఎర్ర సిరాతో దిద్దకుండా, అన్నీ ఒకే కవరులో పెట్టి, తపాలా బిళ్ల అంటించి పంపు. అనుమతి ఉత్తరానికి ముసాయిదా రాశాక నాకు పంపితే చూసి ఇస్తాను.

ఆశీస్సులతో,
నీ పాత తెలుగు మాస్టారు