ఆమె పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు

ప్రశ్న: నాకు 71 ఏళ్లు. మా ఆవిడకి అల్జీమర్స్ అని తొమ్మిదేళ్ల కిందట తేలింది. మొదట్లో చెప్పిందే చెప్పేది, పొయ్యి ఆర్పడం మరిచిపోయేది. తర్వాత అనుమానాలు పట్టుకున్నాయి. చివరి రెండేళ్లూ నన్ను గుర్తుపట్టలేదు. 'మా ఆయన ఎప్పుడొస్తారండీ?' అని నన్నే అడిగేది. ఆఖరి నెలల్లో ముద్ద మింగడమే గండమైపోయింది. నాలుగు నెలల కిందట పోయింది. అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు కన్నీరు రాలేదు. నిజం చెప్పాలంటే హమ్మయ్య అనిపించింది. ఒకప్పుడు విసుగొచ్చి ఆమె మీద అరిచి చెయ్యి విదిలించాను, బెదిరిపోయి గోడకి ఆనుకుంది. ఆ చూపు నన్ను వదలడం లేదు. తలుచుకుంటే జబ్బు ముఖమే కనిపిస్తోంది, అంతకుముందు ముఖం గుర్తు రావడం లేదు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, ఆమె గదిలోకి వెళ్లి చూసి వస్తున్నాను. మంచం, సామాన్లు తీసేద్దాం అంటోంది అమ్మాయి. నాకు ఆవిడ మీద ప్రేమే లేదా? నాకూ మతి చలిస్తోందా?

జవాబు: 'హమ్మయ్య' అనే మాటకు ముందు మీరు 'నిజం చెప్పాలంటే' అని చేర్చారు. ఈ జబ్బుతో భార్యనో భర్తనో పోగొట్టుకున్నవాళ్లు నా ఎదుట కూర్చున్నప్పుడు, సరిగ్గా ఆ మాట దగ్గరే ఒకసారి తలుపు వైపు చూస్తారు, ఎవరైనా వింటున్నారేమోనని. దాదాపు అందరూ ఆ మాట దగ్గరికి వస్తారు. ముద్ద పెట్టి, అది గొంతు దిగేదాకా ఊపిరి బిగబట్టి చూడటం మీకు తెలుసు. ఈ జబ్బు ముదిరాక మింగే శక్తి పోతుంది, తిన్నది ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియాకి దారి తీస్తుంది. రోజూ ఆ భయంతో బతికిన మనిషికి ఆ భయం ఆగిన రోజున ఊపిరి ఆడింది. ప్రేమ ఉందా లేదా అన్నది దాన్నిబట్టి తేలదు.

ఇక కన్నీళ్ల సంగతి. అవి ఎప్పుడో ఖర్చయిపోయాయని నా అనుమానం. ఆమె మిమ్మల్ని మొదటిసారి 'మీరెవరు?' అని అడిగిన రోజు ఎవరైనా వచ్చి మిమ్మల్ని పలకరించారా? మనిషి కళ్లెదుటే ఉంటుంది, కానీ ఉండదు. పౌలిన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో ఇలాంటి పరిస్థితికి ఒక పేరు పెట్టారు. తెలుగులో 'తేలని నష్టం' అనుకోవచ్చు. యుద్ధంలో గల్లంతైన సైనికుల కుటుంబాలతో మొదలైన పరిశీలన అది. తర్వాత, మనిషి ఇంట్లోనే ఉండి మనసు జారిపోయిన కుటుంబాలకూ వర్తించింది. పోయారని ఏడవలేం, ఉన్నారని నిబ్బరంగా ఉండలేం. మీరు అలా తొమ్మిదేళ్లు గడిపారు. అమ్మాయికి అమ్మ పోయింది నాలుగు నెలల కిందట. మీకు ఎన్నిసార్లు పోయిందో మీకే తెలియాలి.

అందరూ మీకు చెప్పేది, 'ఆ జబ్బు రోజులు మరిచిపోండి, పాత ఆవిడని గుర్తు చేసుకోండి' అని. నాకు ఆ సలహా నచ్చదు. మిమ్మల్ని గుర్తుపట్టని ఆ మనిషి కూడా మీ భార్యే. ఆమెకి తల దువ్వారు, ఒత్తిగిలబెట్టారు, అడిగిన ప్రశ్నకే రోజుకి నలభైసార్లు జవాబు చెప్పారు. ఆమెతో మీకు వేరే కాపురం ఒకటి ఉంది. ఆ మనిషి కోసం ఏడ్చేవాళ్లు ఎవరూ లేరు. ఆమె పోవడం అందరికీ విముక్తిగానే కనబడింది, మీకూ అలాగే కనబడాలనుకున్నారు. జబ్బు ముఖం మీ కళ్ల ముందు నిలవడానికి అదొక కారణం కావచ్చు. ఆ ముఖాన్ని తోసేయకండి, ముందు దానికోసం దుఃఖపడండి. పాత ముఖం చాలామందికి నెమ్మదిగా తిరిగొస్తుంది. మీ దగ్గర కొత్తగా, దట్టంగా పేరుకున్నవి సేవ చేసిన రోజుల జ్ఞాపకాలే. అందుకని, ఆమెని జబ్బులో చూడని వాళ్లని కలవండి: చిన్ననాటి స్నేహితురాలు, పాత సహోద్యోగి. వాళ్ల దగ్గర ఆమె ఇంకా చెక్కు చెదరకుండా ఉంటుంది.

అరిచిన రోజు గురించి. 'ఆవిడకి అదేం గుర్తుండి ఉంటుంది లెండి' అని ఓదార్చేవాళ్లు ఉంటారు. నేను అలా అనలేను. 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో అల్జీమర్స్ ఉన్నవాళ్లకి ఏడిపించే దృశ్యాలు కొన్ని, నవ్వించేవి కొన్ని చూపించారు. ఏం చూశారో మరిచిపోయాక కూడా ఆ బాధ, ఆ సంతోషం వాళ్లలో కాసేపు మిగిలే ఉన్నాయి. కాబట్టి ఆ బెదురు ఆమెలో కాసేపు ఉండి ఉండవచ్చు. మరి మీరు నెమ్మదిగా ముద్ద పెట్టిన పూటల సంగతేమిటి? మీ పేరు తెలియకపోయినా, ఈ మనిషి దగ్గర భయం లేదన్న నెమ్మది కూడా అలాగే మిగిలి ఉంటుంది కదా. అరిచింది తప్పే. చాలా రోజులుగా సరిగా నిద్రలేని మనిషి చేసిన తప్పు. ఆమెకి చెప్పాల్సిన క్షమాపణ ఏదైనా ఉంటే ఒక కాగితం మీద రాయండి. ఎవరికీ చూపించక్కర్లేదు.

మంచం విషయంలో అమ్మాయితో ఒక మాట అనండి: 'తీసేద్దాం, నేను చెప్పినప్పుడు.' మందుల పెట్టెలు, డైపర్లు ముందు పంపేయండి, అవి ఎవరికైనా పనికొస్తాయి. మంచం మీ చేత్తో తీయాలి. అమ్మాయి తొందరకీ కారణం దుఃఖమే, కోపగించుకోకండి.

మతి చలించడం సంగతి: ఇన్నేళ్లు అర్ధరాత్రి లేచిన శరీరానికి ఆ పని అయిపోయిందని ఇంకా ఎవరూ చెప్పలేదు. అదొక్కటే చూసి మతి చెడుతోందనుకోనక్కర్లేదు. అయితే మీరు డాక్టర్‌ని కలవాలి, వేరే కారణంతో. సేవ చేసేవాళ్లు తమ బీపీ, షుగర్ పట్టించుకోరు. నాలుగు నెలలకే ఈ దుఃఖానికి జబ్బు పేరు పెట్టను. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో కూడా ఆరు నెలలు దాటినా ఏమాత్రం సడలకుండా బతుకుని ఆపేసే దుఃఖాన్నే రుగ్మతగా లెక్కిస్తారు. కానీ తిండి మానేయడం, తాగుడు, 'నేనూ పోతే బాగుండు' అన్న ఆలోచన, వీటిలో ఏది కనిపించినా ఆరు నెలలు ఆగకండి. వెంటనే అమ్మాయికి చెప్పి మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లండి.

ఈ రాత్రి రెండింటికి మళ్లీ మెలకువ వస్తుంది. వెళ్లి చూసి రండి. పెద్ద లైటు వేయకండి, గడియారం చూడకండి. కావాలంటే మంచం అంచున కాసేపు కూర్చోండి. ఆమె అడిగే ప్రశ్న గుర్తొస్తే, 'వచ్చాను' అనండి.